గేటు కాడి మనిషి

అలివేలు వస్తున్నదని సొన్నప్పకు చూడకముందే తెలిసింది. ఎడమ చెప్పును రవ్వంత ఈడ్చి నడుస్తుందామె. ఆ చప్పుడు విని కేబిన్లోంచి లేచి, టోపీ సర్దుకుని బయటికొచ్చి చూస్తే ఎదురుగా నున్నటి గుండు. దానికి పట్టించిన గంధం ఎండి, పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది. పైన పలచటి తువ్వాలు కప్పుకుంది.

"మొక్కు తీర్చుకోనొచ్చినావా అమ్మణ్ణీ?"

"తీరిపాయె సొన్నప్పన్నా. మా కూతురూ దాని బిడ్డా ఇంటికొచ్చేసినారు. ఆస్పత్రిలో గాజుపెట్టెలో పురుగంత ఉండినోడు, ఇప్పుడు వీధంతా లేచేట్టు ఏడుస్తాండాడు. ఎంటికలదేముంది, పోతే మళ్ళా వస్తాయి."

సంచిలోంచి కాగితంలో చుట్టిన లడ్డుముక్క తీసి గేటు ఊచల సందులోంచి చెయ్యి చాపింది. సొన్నప్ప బూట్లు విడవడానికి వంగాడు. యూనిఫాం బూట్లు, లేసులు ఊడదీయడానికి కాస్త సేపు పట్టింది. ఆమె చెయ్యి అట్లాగే చాపి నిలబడింది. రెండు చేతులా ప్రసాదం అందుకుని కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాక, "పో, పో, నాలుగో అంతస్తు శశికళమ్మ పొద్దున్నుంచి రెండుతూర్లు ఫోన్ చేసింది నీకోసరం," అన్నాడు.

బెంగుళూరు బెళ్ళందూరులోని ఆ అపార్ట్‌మెంటుకు రెండు గేట్లు. పెద్దగేటు కార్లకు. అద్దం మీది స్టిక్కరు చూసి దానంతట అదే లేస్తుంది. లోపల కూర్చున్న మనిషెవరని ఎవరూ అడగరు. చిన్నగేటు కాళ్ళమీద వచ్చేవాళ్ళకు. వంటమనుషులు, పనిమనుషులు, డ్రైవర్లు, బిడ్డల్ని చూసుకునే ఆయాలు. దాని పక్కన ఇనుప కమ్మీకి మొహం చూసే మిషను బిగించారు. పలకంత ఉంటుంది. ఎదురుగా నిలబడితే పచ్చగా వెలుగుతుంది, గడియ దానంతట అదే వదులుతుంది. అది రాకముందు సొన్నప్ప రోజంతా ఒకే మాట అడుగుతుండేవాడు: ఎవరు, ఎవరింటికి? సాయంత్రానికి గొంతు ఎండిపోయేది. మిషను వచ్చాక గొంతుకు సెలవు దొరికింది. ఇప్పుడు అతని పని కుర్చీలో కూర్చుని పచ్చదీపం వెలిగిందా లేదా చూడటమే.

అలివేలు మిషను ముందు నిలబడింది. ఎర్రగా వెలిగింది. లోపలున్న ఆడగొంతు మళ్ళీ ప్రయత్నించమని ఇంగ్లీషులో చెప్పింది.

ఆమె తువ్వాలు తీసింది. మళ్ళీ ఎరుపు.

"ఆ గంధం తుడుచుకో," అన్నాడు సొన్నప్ప.

కొంగుతో నుదురు, గుండు అంతా తుడుచుకుంది. గంధం పొడి భుజాల మీద రాలింది. పెళ్ళిచూపులకు కూర్చున్న పిల్లలాగా ముఖం సర్దుకుని, ఊపిరి బిగబట్టి నిలబడింది. ఈసారి మిషను కూతపెట్టి, ఎర్రగా అట్లాగే నిలిచిపోయింది. కేబిన్లోని తెరమీద అలివేలు పాత ఫోటో వచ్చింది. నిండు జడ, పక్కకు తీసిన పాపిట, రూపాయంత బొట్టు. దాని పక్కన ఇప్పటి ఫోటో. కింద ఇంగ్లీషులో ఏదో ఎర్ర అక్షరాలు. అవి ఎప్పుడొస్తాయో సొన్నప్పకు తెలుసు. ఇది అలివేలు కాదు, అలివేలు పేరు చెప్పుకుని వచ్చిన వేరే ఎవరో అని దాని అనుమానం.

"ఏమంటాంది అన్నా?"

"నువ్వు నువ్వు కాదంట."

అలివేలు నవ్వింది. నవ్వాక సొన్నప్ప మొహం చూసి ఆపేసింది. "నువ్వు తీ అన్నా. నాకు నాలుగిళ్ళ వంట ఉండాది. గురుమూర్తి సారు ఎనిమిదికి తిని పోవల్ల."

ఈ అపార్ట్‌మెంటు గోడలకు నీళ్ళు కొడుతున్న కాలం నుంచి ఎరుగును ఆమెను. అప్పుడు ఇద్దరూ ఒకే కొళాయి దగ్గర నీళ్ళు పట్టుకునేవాళ్ళు. అతనికి చలిజ్వరమొచ్చి ఈ కేబిన్లోనే పడుంటే మిరియాల చారు కాచి తెచ్చిచ్చింది. ఆ మనిషిని పట్టుకుని ఎవరో అంటోంది పలక. గడియ వైపు చెయ్యి పోయింది గానీ మధ్యలోనే ఆగింది.

పోయిన వానల్లో ఇదే గేటు దగ్గర రియాజ్ అని ఒక కుర్రవాడు డ్యూటీలో ఉండేవాడు. కూతురింటికొచ్చిన ముసలాయన మొహం మిషనుకు ఆనక, ఆయన వానలో నిలబడి వణుకుతుంటే, రియాజ్ గడియను చేత్తో లాగి లోపలికి తీసుకొచ్చాడు. మరునాడు రియాజ్ లేడు. చెయ్యి దూరకుండా గడియ మీదికి ఇనుప డబ్బా వచ్చింది.

"నా చేతిలో లేదమ్మణ్ణీ," అన్నాడు సొన్నప్ప. అనేసి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

గురుమూర్తి కిందికి దిగొచ్చాడు. అసోసియేషన్ సెక్రెటరీ. అనంతపురం మనిషే గానీ ఇరవై ఏళ్ళ ఆఫీసు భాష ఆయన నాలుకను సగం మార్చేసింది. నిక్కరులో, చెవులకు తెల్లటి గొట్టాలతో, ఎవరితోనో మీటింగులో ఉండగానే వచ్చాడు. అలివేలును ఎగాదిగా చూశాడు.

"ఏం అలివేలూ, గుండు చేయించుకునే ముందు మాకొక మాట చెప్పుంటే సిస్టంలో అప్‌డేట్ చేయించేవాళ్ళం కదా?"

"దేవునికి చెప్పుకొన్యా సారూ. మిషనుకు గూడా చెప్పుకోవల్లని తెలీలేదు."

ఆయనకు నవ్వొచ్చింది. "సరే, కంపెనీలో కంప్లైంట్ పెడతా. ఒకటి రెండు రోజులు ఓపిక పట్టు."

"మీరు చెప్తే సొన్నప్పన్న తీస్తాడు కదా సారూ."

"నేను చెప్తే ఎట్లా? రేపు ఇంకొకరు చెప్తారు. రూల్ అంటే రూల్." ఆ మాట అంటూ ఆయన కళ్ళు పక్కకు తిప్పుకున్నాడు. చెడ్డవాడు కాదు. చెవిలో ఎవరో పిలిచారు కాబోలు, "యెస్, యెస్, ఐయామ్ హియర్" అనుకుంటూ వెళ్ళిపోయాడు.

*

మంగళవారం శశికళమ్మ కిందికి కూరగాయలు పంపింది. చిక్కుడుకాయలు, వంకాయలు, ఒలవాల్సిన వెల్లుల్లి, ఒక కత్తి, తరిగే పలక. లిఫ్టులో వచ్చిన సంచిని సొన్నప్ప ఊచల సందులోంచి బయటికి అందించాడు. మిషనుకు మనుషులతోనే తగాదా, వంకాయలతో లేదు.

అలివేలు కొబ్బరిబొండాల ఎళనీరు బండి నీడలో గట్టుమీద కూర్చుంది. బండివాడు లింగన్న ఖాళీ గోతం పరిచాడు. ఆమె చిక్కుడుకాయ ఈనె లాగే తీరు చూడవలసిందే. తుంచిందో లేదో తెలియకుండా రెండు వైపులా పీచు పొడుగ్గా వచ్చేస్తుంది. వంకాయలకు ఉప్పునీళ్ళు కావాలంటే లింగన్న బొండం కడిగే నీళ్ళిచ్చాడు. అన్నీ తరిగి డబ్బాల్లో సర్ది, ఏది ముందు వెయ్యాలో, ఎంత సేపు మగ్గాలో సొన్నప్పకు చెప్పింది. అతను ఇంటర్‌కమ్‌లో శశికళమ్మకు చెప్పాడు. పొయ్యి నాలుగో అంతస్తులో, వంటమనిషి రోడ్డుమీద.

"ఇట్ల ఎన్నాళ్ళు జరుగుతాది అన్నా?" అంది డబ్బా అందిస్తూ. "మూడో అంతస్తు వాళ్ళు నిన్ననే చెప్పేసినారు. శనివారం లోపల రాకుంటే యాప్‌లో వేరే మనిషిని పెట్టుకుంటారంట. ఒకిల్లు పోతే మిగతావి గూడా దాని ఎనకే పోతాయి. నాకు తెలుసు."

"వస్తాండారంట, కంపెనీ వాళ్ళు."

వచ్చింది హర్షిత అని ఒక పాప. మెళ్ళో కంపెనీ తాడు, చేతిలో టాబ్లెట్. గుడివాడ పక్క పిల్ల, మాట మెత్తన. అలివేలును గోడ దగ్గర నిలబెట్టి ముందునుంచి, పక్కలనుంచి ఫోటోలు తీసింది. టాబ్లెట్ కాసేపు ఆలోచించి, వద్దంది.

"ఏమైందమ్మా?"

హర్షిత పెదవి కొరుక్కుంది. "కొత్త ఫోటో ఎక్కించాలంటే ముందు పాత ఫోటోతో మ్యాచ్ అవ్వాలండి. వేరేవాళ్ళు వచ్చి ఈవిడ పేరుమీద చేరకుండా అలా పెట్టారు."

అలివేలుకు అది అర్థం కావడానికి కాసేపు పట్టింది. "అంటే, నా మొహం మారిందని చెప్పల్లంటే, మారకుండా ఉండాల్నా?"

"జుట్టు పెరిగితే సరిపోతుందండి," అంది హర్షిత. అనేశాక తన మాట తనకే చెవిలో పడ్డట్టుంది, మొహం ఎర్రబడింది. "నేను పైకి రాస్తానాంటీ. కానీ దీన్ని ఓవర్‌రైడ్ చేసే పవర్ మా ఆఫీసులో కూడా ఎవరికీ ఇవ్వలేదు."

"మరి ఎవరి చేతిలో ఉండాది పాపా?" సొన్నప్ప అడిగాడు.

ఆ పిల్ల మిషను వంక చూసింది. 

*

గురువారం కంపెనీ పెద్ద లలిత్ స్వయంగా వచ్చాడు. హైదరాబాద్ కుర్రాడు, ముప్పై దాటి ఉండవు. వెంట ఒక ఎలక్ట్రీషియన్. కేబిన్లో, సొన్నప్ప కుర్చీకి చెయ్యి అందేంత దూరంలో, గోడకు ఒక పెట్టె బిగించి, దాని మీద బొప్పాయి గింజలాంటి నల్ల బొడిపెలు రెండు, నడుమ ఒక పచ్చమీట పెట్టారు. మీట మీద పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఇంకా అంటుకునే ఉంది. సొన్నప్ప జేబుకు కొత్త బ్యాడ్జీ తగిలించారు.

"ఏం రాసుండాది సార్ దీంట్లో?"

"హ్యూమన్ ఓవర్‌సైట్ ఆఫీసర్. అంటే మిషన్ పైన మనిషి. ఆ మనిషివి నువ్వే." లలిత్ అతని భుజం తట్టాడు. "రేపు ఢిల్లీ నుంచి వస్తున్నరు. మిషన్ ఎవరినన్నా ఆపితే నువ్వు వాళ్ళని అడిగి, చూసి, ఈ మీట నొక్కుతవ్. గేట్ ఓపెన్. సింపుల్."

గురుమూర్తి పక్కనే నిలబడి ఉన్నాడు. "ఇంతకీ ఢిల్లీ వాళ్ళు ఏం చేద్దామనుకుంటున్నారు లలిత్? చట్టం తెస్తారా?"

"అదే కద సార్ భయం. ఏఐ మీద సెంట్రల్ గవర్నమెంట్ రూల్స్ పెట్టాల్నా, మాకే వదిలెయ్యాల్నా అని కమిటీ వేసిన్రు. ఊరూరా తిరిగి చూస్తున్నరు. ప్రతి మిషన్‌కు వాళ్ళ పర్మిషన్ అంటే మాలాంటి చిన్న కంపెనీలు రెండేళ్ళలో మూత. పెద్ద విదేశీ కంపెనీలు మిగుల్తయి. మాకు రూల్ అక్కర్లేదు, మేమే మనిషిని పెట్టుకున్నం, చూడండి అని చూపిస్తే చాలు."

"అట్లని అసలు రూల్ లేకుండానూ కుదరదు కదయ్యా," అన్నాడు గురుమూర్తి, చిన్నగా. "రేపు బ్యాంకులో లోను, ఆస్పత్రిలో బెడ్డు కూడా ఈ మిషన్లే చూస్తాయి. అప్పుడు నా మొహం ఆనకపోతే నేనెవరినడగాలి?"

"మీ మొహం ఆనుతుంది సార్," అని నవ్వాడు లలిత్.

సొన్నప్ప మీటను చూస్తున్నాడు. "సార్, ఇప్పుడు నొక్కితే తెరుచుకుంటాదా? బయట అలివేలు ఉండాది. సోమవారం నుంచి కూర్చోనుండాది."

"కరెంట్ రేపు పొద్దున ఇస్తం. రేపు సాయంత్రం తీసేస్తం. సెక్యూరిటీ రిస్క్ కదా." లలిత్ గొంతు తగ్గించాడు. "ఆ అమ్మను రేపు గేట్ దగ్గర కనబడొద్దని చెప్పు. కేసు పరిశీలనలో ఉంది. నిన్నేదన్నా అడిగితే, నాకు అధికారం ఉంది, నొక్కుతా అని అంతే చెప్పు. నీ పాత పార్ట్‌నర్ ఉండె కద, రియాజ్. మంచోడే పాపం. ఎక్కువ ఆలోచించిండు."

లలిత్ వెళ్ళాక హర్షిత అతనికి మాటలు వల్లె వేయించింది. ఆమె మాస్కు, టోపీ పెట్టుకుని వస్తుంది. మిషను ఆపుతుంది. సొన్నప్ప లేచి, అడిగి, నొక్కాలి. రెండుసార్లు చేశారు. మూడోసారి సొన్నప్ప కూర్చుండిపోయాడు.

"మా నాయన చందాపుర సంతలో చింతపండు అమ్ముతా ఉండె పాపా. ఏటేటా తూకం రాళ్ళు మూటగట్టుకోని పోయి సర్కారు ముద్ర ఏయించుకోనొచ్చేవాడు. దండగని తిట్టుకుంటానే పోయేవాడు. ముద్ర లేని రాయితో తూస్తే కొనేవాళ్ళు తిరగబడతారు. ఈ మిషనుకు ముద్ర ఎవరేసినారు?"

"ఇంకా ఎవరూ వెయ్యలేదంకుల్," అంది హర్షిత మాస్కు గడ్డం కిందికి లాక్కుంటూ. "వెయ్యాలా వద్దా అని చూడ్డానికే వస్తున్నారు."

ఆ సాయంత్రం చందాపురలో, ఇంటిముందు అరుగు మీద సొన్నప్ప భార్య సుబ్బలక్ష్మమ్మ ఊదుకడ్డీలు రుద్దుతోంది. నల్లటి ముద్ద చిటికెడు తీసి, కడ్డీకి అద్ది, పలకమీద అరచేత్తో ఒక్క తోపు. సొన్నప్ప పక్కన కూర్చుని ఆరిన కడ్డీలు కట్టలు కడుతూ జరిగిందంతా చెప్పాడు. ఆమె చెయ్యి ఆగలేదు.

"నీకెందుకప్పా? వాళ్ళు చెప్పమన్నది చెప్పు. ఈ వయసులో నిన్ను ఇంకెవరు పెట్టుకుంటారు?"

"అదే అనుకుంటాండా."

ఆమె ఇంకో నాలుగు కడ్డీలు రుద్దింది. "ఆయమ్మ మిరియాల చారు తెచ్చిచ్చింది కదా, ఆ గిన్నె ఇంకా మనింట్లోనే ఉండాది. తిరిగి ఇయ్యనే లేదు."

సొన్నప్ప ఇంకో కట్టకు దారం చుట్టాడు. పొద్దున బయల్దేరేటప్పుడు అన్నం క్యారియరు పక్కన ఆ గిన్నె కూడా సంచిలో ఉంది. తను పెట్టుకోలేదు.

*

ఢిల్లీ వాళ్ళు నలుగురొచ్చారు. ముందున్నది ఒక ఆడమనిషి. నెరిసిన జుట్టు, నూలుచీర, కాళ్ళకు పరుగెత్తేవాళ్ళ బూట్లు. ఎయిర్‌పోర్టు నుంచి ఇక్కడికి రావడానికి ఢిల్లీ నుంచి బెంగుళూరుకు వచ్చినంత సేపు పట్టిందని అంటూ దిగింది. జలుబుతో ముక్కు తుడుచుకుంటోంది. లలిత్ పూలగుత్తి ఇస్తే ఎక్కడ పెట్టాలో తెలియక సొన్నప్ప బల్ల మీద పెట్టింది.

అలివేలును రావద్దని సొన్నప్ప చెప్పాడు. చెప్పానని లలిత్‌కూ చెప్పాడు. అయినా ఆమె లింగన్న బండి వెనకాల కూర్చుని బీన్స్ తరుగుతోంది. శశికళమ్మ పొద్దున్నే సంచి పంపింది మరి. ఇంట్లో చుట్టాలున్నారు.

లలిత్ మాట్లాడాడు, బాగా మాట్లాడాడు. మిషను ఎన్ని మొహాలు పోలుస్తుందో, ఎంత తక్కువ తప్పులు చేస్తుందో చెప్పాడు. హర్షిత మాస్కు, టోపీతో వచ్చింది. ఎరుపు. సొన్నప్ప లేచాడు. "ఎవరమ్మా?" అన్నాడు, పాఠం అప్పజెప్పినట్టు. నొక్కాడు. గడియ ఠక్కున వదిలింది. నలుగురూ తలలూపారు. ఎవరో ఫోటో తీశారు.

"చూశారు కదా మేడమ్," అన్నాడు లలిత్. "చివరి మాట ఎప్పుడూ మనిషిదే."

ఆమె సొన్నప్ప వైపు తిరిగి హిందీలో అడిగింది. "ఈ పాపను కాక, నిజంగా ఈ మిషను చివరిసారి ఎవరిని ఆపింది?"

"మేడమ్, రిజెక్షన్ రేటు దాదాపు..."

"ఆయన్ని అడుగుతున్నాను."

ఒడిశా కుర్రాళ్ళతో, అస్సాం కుర్రాళ్ళతో ఏళ్ళ తరబడి డ్యూటీలు చేసి సొన్నప్పకు హిందీ వచ్చు. మాట అర్థమైంది.  తూకం రాళ్ళ సంగతి చెప్పాలని రాత్రంతా అనుకున్నాడు. ఇప్పుడు అందులో ఒక్క ముక్క గుర్తురాలేదు. లలిత్ కళ్ళు తన బ్యాడ్జీ మీదున్నాయి. బల్ల మీద పూలగుత్తి. దాని పక్కన సంచిలోంచి తొంగిచూస్తున్న స్టీలు గిన్నె.

అతను ఊచల దగ్గరికి వెళ్ళి కేకేశాడు.

"అలివేలమ్మా! రామ్మా!"

డబ్బా కోసం పిలిచాడనుకుంది ఆమె. బీన్స్ డబ్బా మూత పెట్టి, కొంగుకు చేతులు తుడుచుకుని, ఎడమ చెప్పు ఈడ్చుకుంటూ వచ్చింది. గుండు మీద వెంట్రుకలు నల్లటి నూకల్లా మొలుస్తున్నాయి. ఇంతమందిని చూసి ఆగి, అలవాటు కొద్దీ మిషను ముందు నిలబడింది. ఎరుపు. కూత.

సొన్నప్ప కేబిన్లోకి నడిచాడు. మీట మీది ప్లాస్టిక్ పొర వేలికి జారింది. గోటితో దాన్ని పీకేసి, నొక్కాడు.

గడియ వదిలింది. అలివేలు కదల్లేదు.

"పోవచ్చునా అన్నా?"

"పో."

ఆమె లోపలికి అడుగుపెట్టింది. ఢిల్లీ వాళ్ళని గానీ, లలిత్‌ని గానీ చూడలేదు. ఎక్కడ మళ్ళీ ఆపుతారోనని డబ్బా చంకన పెట్టుకుని, తల వంచుకుని, బిరబిరా బి బ్లాకు లిఫ్టు వైపు వెళ్ళిపోయింది. చెప్పు చప్పుడు మెట్ల దాకా వినబడింది. నాలుగో అంతస్తులో చుట్టాలున్నారు, బీన్స్ ఇంకా ఉడకాలి.

"ఎవరామె?" అంది మేడమ్.

"అలివేలు. వంట చేస్తాది. కూతురి బిడ్డ బతికితే తల నీలాలిస్తానని మొక్కుకొనింది, ఇచ్చింది. ఆ పొద్దు నుంచి దీనికి ఆనలేదు."

"ఆమే అని నీకెట్లా తెలుసు?"

సొన్నప్పకు ఆ ప్రశ్న వింతగా తోచింది. "నడక మేడమ్. చూడకపోయినా తెలుస్తాది."

ఆమె ముక్కు తుడుచుకుంది. పెట్టె దగ్గరికి వెళ్ళి, గోడకు మెరుస్తున్న కొత్త స్క్రూలను, కిందపడిన ప్లాస్టిక్ పొరను చూసింది. "మరి ఆ రోజే ఈ మీట ఎందుకు నొక్కలేదు?"

 హర్షిత నేల చూసింది. లలిత్ ఫోన్‌ను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకోవడం సొన్నప్పకు కనబడింది. పాపం కుర్రాడు, అనిపించింది. నిజం చెప్తే ఈ కుర్రాడు మునుగుతాడు, తనూ మునుగుతాడు, సాయంత్రానికి గోడ మీద పెట్టె ఉండదు. మీట ముందునుంచే ఉందని చెప్తే సోమవారం నుంచి అలివేలును కూర్చోబెట్టిన పాపం తనది.

"ఆ పొద్దు నొక్కే అధికారం నాకు ఉండాదని నాకు తెలీదు మేడమ్," అన్నాడు నిదానంగా. "నిన్న ఈ సారే చెప్పినారు, ఆ మనిషివి నువ్వే అని. చెప్పినారు కదా, ఇంక రోజూ నొక్కుతా."

ఆమె అతన్ని కాసేపు చూసింది. పెదవి చివర నవ్వు లాంటిది కదిలి పోయింది. లలిత్ వైపు తిరిగింది.

"ఈ మీట రోజూ ఉంటుంది కదా?"

"ఆఫ్ కోర్స్ మేడమ్."

"మీరు పెట్టిన అన్ని గేట్లకూ?"

లలిత్ తల ఆడించాడు, ఆలస్యంగా. ఆమె పక్కనున్నాయన రాసుకున్నాడు. మీట పక్కన సొన్నప్పను నిలబెట్టి ఇంకో ఫోటో తీశారు.

వెళ్ళేముందు ఆమె సొన్నప్ప ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని బూటు లేసు కట్టుకుంది. కాళ్ళు వాచి ఉన్నాయి. సొన్నప్ప అడిగాడు, "చట్టం వస్తాదా మేడమ్?"

"తెలీదు," అందామె. "వెంటనే కావాలనేవాళ్ళున్నారు, తొందరపడితే చెడుతుందనేవాళ్ళున్నారు. రెండు వైపులా ఒట్టి మాటలు చెప్పడం లేదు. నేను రాసేది పదిమంది రాసేవాటిలో ఒకటి. చూసింది మాత్రం రాస్తాను." లేచి, మెల్లగా, "నేను మళ్ళీ ఎప్పుడైనా ఇటొస్తాను. చెప్పి రాను," అని లలిత్‌కు వినబడేట్టు చెప్పి కారెక్కింది.

సాయంత్రం ఎలక్ట్రీషియన్ స్క్రూడ్రైవరుతో వచ్చాడు. గురుమూర్తి ఆఫీసు బట్టల్లోనే గేటు దగ్గర కాచుకుని ఉన్నాడు. "ఢిల్లీకి ఉందని చెప్పిన వస్తువును తీసేస్తే అసోసియేషన్ ఒప్పుకోదు," అన్నాడు. సోమవారం కళ్ళు తిప్పుకున్న మనిషి, ఇప్పుడు తిప్పుకోలేదు. ఎలక్ట్రీషియన్ ఎవరికో ఫోన్ చేసి, విని, వచ్చినదారినే పోయాడు.

*

తరువాతి సోమవారం లలిత్ వచ్చాడు. కోపంగా లేడు, అలసిపోయి ఉన్నాడు. ఊళ్ళో ఉన్న గేట్లన్నింటికీ పెట్టెలు బిగించే పని నెత్తినపడింది. ఈసారి భుజం తట్టలేదు.

"నువ్వు తెలివైనోడివి సొన్నప్పా. సరే. కానీ ఒకటి విను. నువ్వు నొక్కిన ప్రతిసారి నీ ఫోటో, టైమ్ రికార్డు అయితయి. మిషన్ వద్దన్నోళ్ళను నువ్వు లోపలికి తీసుకుంటే, ఆ తర్వాత ఏ ఇంట్లో ఏం పోయినా, ఏం జరిగినా, జవాబు మా మిషన్‌ది కాదు. నీది. రూల్స్ లేవు కద, ఇప్పటికి రూల్ ఇదే."

అతను పోయాక సొన్నప్ప మీట వంక చూశాడు. పోయిన వారం అది తన చేతిలో లేదని బాధపడ్డాడు. ఇప్పుడు ఆ పచ్చటి బొడిపె పాముపడగలా కనబడుతోంది. అలివేలు అయితే సరే. ఎరగని మనిషి వస్తే? మిషను తప్పు చేస్తే ఎవరినీ అడగరు. తను తప్పు చేస్తే ఇంటికి పంపుతారు, పోలీసులూ రావచ్చు. నొక్కకుండా కూర్చుంటే ఏ బాధా లేదు. ఎవరూ ఏమీ అనరు. చేతులు వెనక్కి కట్టుకుంటే సరిపోతుంది.

అలివేలు పని ముగించుకుని బయటికెళ్తూ, సొన్నప్ప సంచిలోంచి తీసి ఇచ్చిన గిన్నె ఊపింది. "దొరికిందన్నా! ఇది యాడ పోయిందో అని ఎప్పటినుంచో ఎతుకుతాండా. దొంగ మీరేనా?"

"మా ఇంటావిడ," అన్నాడు. ఆమె నవ్వుకుంటూ బస్సుకు పోయింది.

ఎండ నడినెత్తికి వచ్చేవేళ ఒకామె చిన్నగేటు ముందుకొచ్చింది. ఎప్పుడూ చూసిన మనిషి కాదు. ముప్పై ఏళ్ళుంటాయి. చంకలో బిడ్డ, చేతిలో గుడ్డసంచి, చెంప మీద కాలిన పాత మచ్చ. నడకలో కూడా ఏ ఆనవాలూ లేదు. మిషను ముందు నిలబడింది. ఎరుపు. బిడ్డను ఇంకో చంకకు మార్చుకుని, కొంగుతో చెంప కప్పుకుని మళ్ళీ నిలబడింది. ఎరుపు. కొంగు తీసి చూసింది. అది మళ్ళీ ప్రయత్నించమని చెబుతూనే ఉంది. ఆమె దానికేసి బతిమాలుతున్నట్టు చూస్తోంది, ఏదో అడిగితే చెబుదామన్నట్టు. అది ఏమీ అడగదు.

సొన్నప్ప చేతులు వెనకే ఉన్నాయి. కాసేపు అట్లాగే ఉన్నాయి.

తరువాత అతను కేబిన్లోని ప్లాస్టిక్ కుర్చీ ఎత్తుకొచ్చి ఊచల పక్కన వేసుకుని, ఆమెకు ఎదురుగా కూర్చున్నాడు. చాన్నాళ్ళుగా వాడని గొంతు. ఒకసారి దగ్గి సరిచేసుకోవలసి వచ్చింది.

"ఎవరమ్మా నువ్వు? ఎవరింటికి?"

ఆమె మిషను మీంచి మొహం తిప్పి అతని వైపు చూసింది. బిడ్డను కిందికి దించి, చెప్పడం మొదలుపెట్టింది.